ఈరోజు సామాన్యమైన రోజు కాదు

మా పాత అనౌన్సర్ పోయిన సంగతి ఖాజా ఫోన్ చేసి చెప్పాడు. ఖాజా మా ఆర్కెస్ట్రాలో తబలా వాయించేవాడు. పగలు వన్ టౌన్‌లో బట్టలు కుట్టేవాడు. ఆదివారం సంతాప సభ పెడుతున్నారట, పాతవాళ్లందరూ వస్తున్నారట.

"నువ్వు కూడా వచ్చి రెండు మంచి మాటలు మాట్లాడాలి చెల్లెమ్మా."

"రెండు దొరకవు ఖాజా అన్నయ్యా."

"పోయినోళ్ల మీద కోపమేంటి, తప్పు కదూ?"

"కోపం కాదు. చిన్నచూపు. అది మనిషి పోయినంత మాత్రాన పోదు."

ఖాజా వదల్లేదు. "ఆయన లేకపోతే మనకి అన్ని ప్రోగ్రాంలు వచ్చేవా చెప్పు?" అన్నాడు. అది నిజమే. ఆ నిజం వల్లే నా చిన్నచూపు మరికాస్త పెరుగుతుంది. నేను సభకు వెళ్లలేదు.

తొంభైల్లో బెజవాడ చుట్టుపక్కల పెళ్లి రిసెప్షన్ అన్నా, వినాయక చవితి పందిరి అన్నా సినిమా పాటల ఆర్కెస్ట్రా ఉండాల్సిందే. మా ఆర్కెస్ట్రాకు ఆయన అనౌన్సర్. అనౌన్సర్ పనంటే, తర్వాత వచ్చే పాట ఏదో, పాడేది ఎవరో చెప్పడం. ఒక్క వాక్యంలో అయిపోయే పని. దాన్ని ఆయన పాటకంటే పొడుగు చేశాడు. మేము శ్రుతులు చూసుకుని, గొంతులు సవరించుకుని, ఆయన నోరు ఎప్పుడు మూతపడుతుందా అని నిలబడి ఉండేవాళ్లం.

బిస్కెట్ రంగు సఫారీ సూటు. చెమట అంటకుండా కాలరు కింద మడిచి పెట్టిన జేబురుమాలు. వేలికి పగడపుటుంగరం. ఆ ఉంగరంతో మైకు మీద టక్కుటక్కుమని కొట్టి, జనం గమ్మునయ్యేదాకా ఆగి, "మీకు తెలుసా...?" అనేవాడు. ఆ చివరి అక్షరాన్ని ఎంత దూరం సాగదీసేవాడంటే, తెలిసినవాడు కూడా ఈలోపు మర్చిపోవాలి. తర్వాత జనం వైపు చెవి పెట్టేవాడు. ఎవరికీ తెలియదు. ఎదుటివాళ్లకు తెలియకపోవడమే ఆ మనిషికి జీవితంలో ఉన్న ఒకే ఒక్క ఆనందం.

"ఈరోజు సామాన్యమైన రోజు కాదు!" అనేవాడు తర్వాత.

ఆయన వచ్చిన చోట ఏ రోజూ సామాన్యమైన రోజు కాదు. నూజివీడులో ఒక పెళ్లికి వెళితే, సరిగ్గా ఆ రోజే ప్రపంచంలో మొదటిసారి టెలిఫోన్ మోగిందన్నాడు. వధూవరులు కూడా అలాగే జీవితాంతం మాట్లాడుకుంటూ ఉండాలన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మరుసటి వారం గుడివాడలో మళ్లీ టెలిఫోనే మోగింది. వ్యానులో తిరిగి వస్తున్నప్పుడు అడిగాను.

"అది పోయిన వారమే మోగిందిగా సార్?"

"ఊరు వేరు కదమ్మా," అన్నాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు.

ఇక పాటల వెనక కథలు. ఆయన చెప్పినదాన్నిబట్టి మన సినిమాల్లో మంచి పాట ఒక్కటి కూడా ఆరోగ్యంగా ఉన్న మనిషి పాడలేదు. అందరికీ ఒళ్లు కాలిపోయే జ్వరమే. ట్యూన్లన్నీ కారులోనో, రైలు ఆగిన స్టేషన్‌లోనో, సిగరెట్ పెట్టె మీదనో పుట్టాయి. ఎవరూ హార్మోనియం ముందు కూర్చుని నాలుగు రోజులు తల బద్దలు కొట్టుకోలేదు. సంగీతం అంటే కష్టపడి చేసే పని అని పొరపాటున కూడా ఆయన నోటివెంట రాలేదు.

ఈ విజ్ఞానమంతా ఎక్కడినుంచి వచ్చేదో మాకు తెలుసు. పల్లీలు కొనుక్కునేవాడు. పల్లీలు నోట్లో వేసుకునే ముందు పొట్లం విప్పి ఆ కాగితం చదివేవాడు. ఏదో పాత వారపత్రిక ముక్క. అందులో ఎవరో శాస్త్రవేత్త గురించో, ఏదో దేశంలో పక్షుల గురించో సగం వార్త ఉండేది. కాగితం చిరిగిన చోట ఆయన సొంత విజ్ఞానం మొదలయ్యేది.

కూచిపూడిలో ఒకసారి ప్రోగ్రాం. అడుగులు నేర్చుకునే పసిపిల్లకు కూడా తాళం తెలిసిన ఊరది. అక్కడ మైకు పట్టుకుని, తాళం అంటే ఏమిటో, రాగం అంటే ఏమిటో వాళ్లకు వివరించాడు. ఖాజా తల తబలా మీదకు వంచేశాడు. ఆ ఊరివాళ్లు మర్యాదస్తులు కనక విన్నారు. ముందు వరుసలో ఒక పెద్దావిడ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వ్యాను ఎక్కాక, "చూశారా, ఇన్నాళ్లూ తెలియనందుకు పెద్దావిడ ఎంత సిగ్గుపడిందో!" అన్నాడు.

ఇంతవరకైతే నవ్వుకుని ఊరుకోదగ్గ మనిషే.

నేను గుణదల చర్చిలో పాడేదాన్ని. మా నాన్న రైల్వేలో ఫిట్టరు. డిగ్రీ రెండో ఏడులో ఉండగా మా ఆర్కెస్ట్రా యజమాని నా పాట విని పిలిచాడు. ఆయనే కీబోర్డు కూడా వాయించేవాడు. మా అమ్మ ససేమిరా అంది. నాన్నే, "దేవుడిచ్చిన గొంతు, నాలుగూళ్లు విననీ," అని ఒప్పించాడు. చిన్న చిన్న కోరస్‌లతో మొదలుపెట్టాను. మొదటిసారి ఒక పూర్తి పాట నా ఒక్కదానికే ఇచ్చింది మైలవరంలో, వినాయక చవితి పందిట్లో.

నాన్న డ్యూటీ దిగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సులో వచ్చాడు. నేను ముందే వ్యానులో వెళ్లిపోయాను. జనంలో ఎక్కడో కూర్చుని ఉంటాడని తెలుసు కానీ, లైట్లు కళ్లల్లో పడి మనుషులు కనిపించలేదు.

నా పాటకు ముందు కరెంటు పోయింది. జనరేటరు అందుకునేసరికి జనం లేచి చాపలు దులుపుకుంటున్నారు. యజమాని కంగారుగా అనౌన్సర్ వైపు చూశాడు. ఒక్కటి ఒప్పుకోవాలి, లేచిన జనాన్ని కూర్చోబెట్టడం ఆ మనిషికి వచ్చు. ఉంగరంతో మైకు మీద కొట్టాడు.

"మీకు తెలుసా...? ఇప్పుడు మీ ముందు పాడబోయే ఈ పిల్లకి తల్లి లేదు! తండ్రి లేడు! గుణదల కొండ మెట్ల మీద, ఒక వానాకాలం పొద్దున, బుట్టలో దొరికిన బిడ్డ! ఆ బిడ్డ ఏడుస్తుంటే ఆ ఏడుపు కూడా శ్రుతిలో ఉందండీ! ఈరోజు సామాన్యమైన రోజు కాదు. సరిగ్గా ఈ రోజే ఆ బిడ్డ దొరికింది!"

జనం కూర్చున్నారు. దులిపిన చాపలు మళ్లీ పరుచుకున్నారు. యజమాని అప్పటికే పాట ఎత్తుకున్నాడు. ఇక పాడక తప్పలేదు. ఏం పాడానో, ఎలా పాడానో నాకు గుర్తులేదు. ముందున్న ఆడవాళ్లు కళ్లు తుడుచుకోవడం మాత్రం గుర్తుంది. కమిటీ పెద్ద వచ్చి దండ వేసి, నా తల మీద చెయ్యి పెట్టి, "ఎవరూ లేరనుకోకు తల్లీ, మేమంతా లేమా?" అన్నాడు.

పాట అయ్యాక నాన్న వస్తాడని స్టేజీ వెనక నిలబడ్డాను. రాలేదు. వెతుక్కుంటూ పోతే బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"స్టేజీ దగ్గరికి రాలేదేం నాన్నా?"

"ఎట్లా వస్తానమ్మా? నేను లేనని చెప్పాడుగా."

నవ్వుతూనే అన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. తన పక్కన కూర్చున్నావిడ బాగా ఏడ్చిందనీ, పాపం ఎవరూ లేరంట అని తన వైపు తిరిగి అన్నదనీ చెప్పాడు.

"మరి నువ్వేమన్నావు?"

"అవునంటండీ అన్నాను. ఏం చేయను? అంతమందిలో నేను లేచి నేనున్నానంటే నీ పరువేం కావాలి?" అని కొంచెం ఆగి, "పాట బాగా పాడావు. చివర్లో ఊపిరి ఆపుకోవాల్సింది," అన్నాడు.

ఇంటికి వచ్చాక సంగతి విని మా అమ్మ చేటలోని బియ్యం పక్కన పెట్టేసింది.

"నన్ను కూడా చంపాడా?"

"నిన్నే ముందు చంపాడు," అన్నాడు నాన్న.

"వాడి నోట్లో మన్ను పడ! తొమ్మిది నెలలు మోసి కన్నది వీడి మైకు కోసమా?"

రెండు రోజుల తర్వాత గవర్నర్‌పేటలో మేము రిహార్సల్ చేసుకునే మేడగదిలో ఆయన్ని నిలదీశాను. పొట్లం చదువుతున్నాడు.

"సార్, మా నాన్న ఉన్నాడు. మొన్న మైలవరంలో మీ ఎదురుగానే కూర్చున్నాడు."

"ఉంటే మంచిదేగా అమ్మా."

"మరి లేడని ఎందుకు చెప్పారు?"

ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "ఉన్నాడని చెప్తే ఎవరు కూర్చుంటారు? అందరికీ నాన్నలున్నారు. అదేం విశేషం?"

ఇంకెప్పుడూ అననని మాటిచ్చాడు. పల్లీలు కూడా పెట్టబోయాడు. కానీ ఆ మాట ఊళ్లకు పాకిపోయింది. ప్రోగ్రాం మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు, "ఆ మెట్ల మీద దొరికిన అమ్మాయి వస్తుందా?" అని అడగడం మొదలుపెట్టారు. యజమాని అవునని చెప్పి, నా వైపు చూడకుండా కీబోర్డు దులుపుకునేవాడు. నాకు సోలో పాటలు పెరిగాయి. నా గొంతు వల్ల పెరిగాయో, ఆ బుట్ట వల్ల పెరిగాయో నాకు తెలియకుండా చేశాడు ఆ మనిషి. అందుకు మాత్రం ఆయన్ని ఇప్పటికీ క్షమించలేను. పాడేవాళ్లకు తమ పాట సంగతి తమకు తెలియాలి.

ఉయ్యూరులో ఒక రిసెప్షన్‌కు నాన్నను పట్టుబట్టి వ్యానులోనే తీసుకెళ్లాను. మనిషి ఎదురుగా ఉంటే ఆ మాట ఎత్తలేడని నా ధైర్యం. వ్యాను ఎక్కేటప్పుడు పరిచయం చేశాను.

"సార్, మా నాన్న."

"చాలా సంతోషమండీ!" అని రెండు చేతులతో నాన్న చెయ్యి పట్టుకుని ఊపాడు. పేరైనా అడగలేదు. ఉయ్యూరు దాకా నాన్నను పక్కనే కూర్చోబెట్టుకుని, ఏనుగులు భూమిలోంచి మాట్లాడుకుంటాయనీ, దోమకు పళ్లుంటాయనీ చెబుతూనే ఉన్నాడు. నాన్న, "అట్లానా అండీ," అంటూ విన్నాడు.

అదే మనిషి రెండు గంటల తర్వాత స్టేజీ ఎక్కి, "మీకు తెలుసా...? ఈ పిల్లకి తల్లి లేదు, తండ్రి లేడు," అన్నాడు.

నాన్న వెనక వరుసలో ఉన్నాడు. ఈసారి లైట్లు అంత గట్టిగా లేవు. నాకు కనిపించాడు. తల దించుకున్నాడు. వ్యానులో తన చెయ్యి ఊపినవాడే మళ్లీ చంపితే ఏం చేయాలో తోచక మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

నేను వెళ్లి ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నాను.

"అందరికీ నమస్కారమండీ. ఈయన చెప్పింది అబద్ధం. నాకు అమ్మా ఉంది, నాన్నా ఉన్నాడు. అదిగో, వెనక వరుసలో నీలం చొక్కా వేసుకున్నాయన. ఆయనే మా నాన్న."

పందిరంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. నాన్న లేచి నిలబడి చేతులు జోడించాడు. ఇంక ఈ మనిషి తల ఎక్కడ పెట్టుకుంటాడో చూద్దామని పక్కకు తిరిగాను.

ఆయన అప్పటికే రెండో మైకు అందుకున్నాడు. కళ్లల్లో నీళ్లున్నాయి. అవి ఎక్కడినుంచి తెచ్చుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

"చూశారా! చూశారా! ఇన్నేళ్ల తర్వాత! మీ అందరి సాక్షిగా! తండ్రిని కలుసుకున్న కూతురు! ఈరోజు సామాన్యమైన రోజు కాదు!"

యజమాని చేతులు అలవాటుకొద్దీ కీబోర్డు మీద ఏడుపు వయొలిన్లు మోగించాయి. పందిరి హోరెత్తిపోయింది. ఎవరో నాన్నను భుజాలు పట్టుకుని స్టేజీ మీదకు నడిపించుకొచ్చారు. పెళ్లికూతురి నాయనమ్మ కొత్త పంచెలు తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. నేను మైకులో, "కాదండీ, వినండీ," అంటూనే ఉన్నాను. ఆ చప్పట్లలో నా గొంతు నాకే వినిపించలేదు. పెళ్లికూతురి తండ్రి మా నాన్నను కావలించుకుని, "ఎట్లా పోగొట్టుకున్నావయ్యా బంగారంలాంటి బిడ్డని?" అని అడిగాడు.

"నేను పోగొట్టలేదండీ," అన్నాడు నాన్న. "ఆ మైకాయన పోగొట్టాడు."

ఆ హోరులో ఆ మాట నాకు కాక పక్కనున్న ఖాజా ఒక్కడికే వినపడింది. తబలా మీద చెయ్యి ఆగిపోయింది.

ప్రోగ్రాం అయ్యాక వ్యాను దగ్గర ఆయన చంకలు గుద్దుకుంటున్నాడు. "పండింది! బ్రహ్మాండంగా పండింది! నాన్నగారూ, మీరు ప్రతి ప్రోగ్రాంకీ రావాలండీ. ఈ నీలం చొక్కాలోనే రండి. వెనకాల కూర్చోండి, నేను టైము చూసి..."

"అయ్యా," అన్నాడు నాన్న. ఆయన గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. అప్పుడూ పెంచలేదు. "చావడం అయింది, బతకడం అయింది. ఇంక మమ్మల్ని మామూలుగా ఉండనివ్వండి."

కొత్త పంచెలు వ్యాను సీటు మీద పెట్టేసి, నా సంచీ అందుకుని బస్టాండు వైపు నడిచాడు. నేనూ వెనకే నడిచాను. మళ్లీ ఆ ఆర్కెస్ట్రాలో పాడలేదు. కొన్నాళ్లకు ఒక స్కూల్లో మ్యూజిక్ టీచరుగా చేరాను. చర్చిలో పాడుతూనే ఉన్నాను. అక్కడ పాటకు ముందు ఎవరూ ఏమీ చెప్పరు.

రెండువేల సంవత్సరం దాటాక ఆర్కెస్ట్రాలు తగ్గిపోయాయి. ఆయన మాత్రం తగ్గలేదు. లోకల్ కేబుల్ ఛానల్లో పొద్దున్నే ఒక కార్యక్రమం సంపాదించాడు. ఈరోజు విశేషాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, మధ్యమధ్యలో పాటలు. ఇప్పుడిక లేచిపోయే జనం ఎదురుగా లేరు. అడ్డేముంది? మా స్కూలు పిల్లలు వచ్చి, "టీచర్, చీమలు నిద్ర లేవగానే ఒళ్లు విరుచుకుంటాయంట, ఆవులకి ఫ్లూటు వినిపిస్తే మీగడ ఎక్కువ కడుతుందంట," అని చెప్పేవాళ్లు. స్టాఫ్ రూములో తోటి టీచర్లు, "మీరు ఆయనతో పాడారంటగా! ఎంత నాలెడ్జండీ ఆయనకి!" అనేవాళ్లు. నేను నోట్సులు దిద్దుకునేదాన్ని.

నాన్న రిటైరయ్యాక రోజూ ఆ కార్యక్రమం చూసేవాడు. నాకు ఒళ్లు మండేది. "నవ్వొస్తుందమ్మా, పోనీలే," అనేవాడు. తర్వాత ఒక వేసవిలో గుండెపోటు వచ్చి నాన్న పోయాడు.

ఆ నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. మాకు ఆ రోజు పోయినవాళ్ల సమాధులకు పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేసుకోవడం ఆచారం. సాయంత్రం గుణదల రోడ్డంతా పూలబుట్టలూ కొవ్వొత్తుల పెట్టెలూ పట్టుకున్న జనమే. నేనూ ఒక బండి దగ్గర చామంతులు కొంటున్నాను. పక్కన స్కూటరు ఆగింది.

"ఏమ్మా స్టెల్లా! బాగున్నావా?"

జుట్టుకు వేసిన రంగు చెమటకు చెవి వెనక కారుతోంది. ఉంగరం అలాగే ఉంది.

"నమస్కారమండీ."

"ఈరోజు విశేషం ఏంటో చెప్పు చూద్దాం!"

చుట్టూ వీధి వీధంతా శ్మశానానికి నడుస్తోంది. ఆయన స్కూటరుకు రెండు పక్కలనుంచీ జనం తప్పుకుని పోతున్నారు.

"మీరే చెప్పండి."

"హార్మోనియం కనిపెట్టిన రోజు! పాడేదానివి, ఆ మాత్రం తెలియకపోతే ఎట్లాగమ్మా?" అని తృప్తిగా నవ్వాడు. తర్వాత నా చేతిలోని పూలు చూశాడు. "ఎవరికి పూలు?"

"మా నాన్నకండీ."

"ఓహో, నాన్నగారి పుట్టినరోజా! ముందే చెప్పొద్దూ! రేపు పొద్దున ప్రోగ్రాంలో చెప్పేస్తాను. ఆరోగ్యం బాగుందిగా?"

నాన్న పోయాడని చెబితే, ఆ చావును కూడా జేబులో వేసుకుని పోతాడు. మర్నాడు కేబుల్లో గుణదల మెట్లూ, బుట్టా, ఉయ్యూరూ, ఏడుపు వయొలిన్లూ అన్నీ మళ్లీ బయటికొస్తాయి. ఈ మనిషి చేతికి ఆ వార్త ఇవ్వదలచుకోలేదు.

"బాగుందండీ," అన్నాను.

"పేరేంటమ్మా నాన్నగారిది?"

రెండుసార్లు నాన్న గురించి ఊళ్ల ముందు చెప్పినవాడు, వ్యానులో పక్కన కూర్చోబెట్టుకున్నవాడు, మొదటిసారి పేరు అడిగాడు.

"జోజప్ప."

"జోజప్ప," అని ఒకసారి అనుకుని, కిక్కు కొట్టి వెళ్లిపోయాడు. నేను శ్మశానానికి వెళ్లి నాన్నకు పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి వచ్చాను.

మర్నాడు పొద్దున మా అమ్మ కాఫీ గ్లాసుతో టీవీ ముందు కూర్చుంది. నాన్న పోయాక కూడా ఆ ఛానల్ పెట్టే అలవాటు ఆమెకు పోలేదు. నేను జడ వేసుకుంటున్నాను.

"గుణదల వాస్తవ్యులు శ్రీ జోజప్ప గారికి జన్మదిన శుభాకాంక్షలు! వారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లూ వర్ధిల్లాలని..."

అమ్మ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. నా వైపు తిరిగింది.

"ఎవరు చెప్పారు వీడికి?"

"పేరు నేనే చెప్పానమ్మా. మిగతాది ఆయనదే."

అమ్మ టీవీ వైపు తిరిగి, తెర మీద ఆయన నోరు కదలడం కాసేపు చూసింది. ఏడుస్తుందేమోనని దువ్వెన పక్కన పెట్టాను. ఏడవలేదు. మిగిలిన కాఫీ తాగేసి గ్లాసు కింద పెట్టింది.

"పేరొక్కటి సరిగ్గా పలికాడు," అంది. "ఇంక ఆపెయ్."

ఆపేశాను.